నీళ్ళలో ఉన్నవాడికి చెప్పకూడని మాట

విశాఖపట్నం, కోటవీధి
14 జూన్ 1982

డాక్టర్ అర్జునరావు గారికి,

గవర్రాజు రాస్తున్నాను. మీ అక్క రామలక్ష్మమ్మ మొగుణ్ణి. ఆమె పోయాక ఈ ఇరవై నాలుగేళ్ళలో మీకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. ప్రేమ పుట్టి రాయడం లేదు. పని పడి రాస్తున్నాను. ఇదయ్యాక మళ్ళీ మన దారిన మనం ఉండవచ్చు.

మీ మేనల్లుడు వరహాలుకి ఇరవై ఎనిమిదేళ్ళు. నాలాగే పోర్టులో డైవరు. ఓడల అడుగున దిగి, ఓడని తోసే మర్రలు చూసేది, చిక్కుకున్న తాళ్ళు కోసేది వాడే. పెళ్ళై రెండేళ్ళయింది. భార్య పేరు గౌరీశ్వరి. పిల్లలు ఇంకా లేరు.

కిందటేడు వాడి మెడకి ఎడమపక్క ఒక గడ్డ లేచింది. రాగి హెల్మెట్ బరువంతా భుజాల మీది పట్టీ మీదే ఉంటుంది కాబట్టి అక్కడ కాయ కాయడం మాకు మామూలే. మా వాళ్ళందరూ తడిమి చూసి, ఇప్పుడు నువ్వు డైవరువయ్యావురా అని నవ్వారు. ఆ నవ్వులతో ఎనిమిది నెలలు గడిచాయి. తర్వాత సాయంత్రం జ్వరాలు, పక్క తడిసిపోయే చెమటలు. డిగ్రీల బోర్డుకి సగం గోడ కేటాయించిన ఒక మహానుభావుడు నాలుగు నెలలు టీబీ మాత్రలు మింగించాడు. ఆయన లెక్క నేను తర్వాత తేలుస్తాను. చివరికి పెద్దాసుపత్రిలో గడ్డ కోసి చూసి హాడ్జికిన్స్ అనే గడ్డల క్యాన్సరన్నారు. కాలేయం దాకా పాకిందట. నాలుగో దశ.

మీరు బొంబాయిలో పగలూ రాత్రీ ఈ జబ్బే చూస్తారని తెలుసు. గడ్డ ముక్క అంటించిన గాజు పలకలు వేరే పార్సిల్‌లో పంపుతున్నాను. ఇక్కడి కుర్ర డాక్టరు మంచివాడు, మీరు రాసిస్తే సూదులు ఇస్తానన్నాడు.

నేను మెడికల్ కాలేజీ లైబ్రరీలో మూడు వారాలుగా కూర్చుంటున్నాను. చదువుకున్నవాళ్ళు కట్టించుకుని చదవకుండా వదిలేసిన గది అది, ప్రశాంతంగా ఉంది. మొదట ఇవ్వదగ్గ మందుల కూటమి ఒకటి కాదు, రెండు ఉన్నాయని అక్కడ తెలిసింది. వాటిలో ఏది వాడతారో, ఎందుకు వాడతారో నాకు రాయండి. పంతులుగారిలా కాదు, లెక్క అప్పజెప్పేవాడిలా రాయండి.

ఒక షరతు. 1958లో మీ అక్క మెడలో ఇవే గడ్డలు లేస్తే, నా ఎదురుగా నిలబడి బలహీనత అన్నారు, టానిక్ సీసా చేతిలో పెట్టారు. మూడు నెలల్లో ఆమె పోయింది. ఈసారి నా దగ్గర ఏదీ దాచకూడదు.

గవర్రాజు


బొంబాయి, మాటుంగా
25 జూన్ 1982

బావకి,

నన్ను గారూ, మీరూ అంటే చదవడానికి కష్టంగా ఉంది. నీ ఇష్టం.

పలకలు చూశాను. జబ్బు అదే, సందేహం లేదు. దశ కూడా అదే. కాని భయపడకు. అక్క రోజుల్లో ఈ దశకి మా చేతుల్లో ఏమీ లేదు. ఇప్పుడు ఉంది.

పాత కూటమిని మోప్ అంటాం. నాలుగు మందులు. అందులో ఒకటి మన దేశంలో సరిగా దొరకదు కాబట్టి దాని బదులు దాని చుట్టమే అయిన ఇంకొకటి వేస్తాం. పదేళ్ళకు పైబడిన అనుభవం ఉంది. పదిమందికి ఇస్తే ఎనిమిదిమందికి గడ్డలు జాడ లేకుండా కరుగుతాయి. మొత్తంమీద సుమారు సగంమందికి జబ్బు మళ్ళీ తిరిగి రాదు. నేను ఇచ్చేది అదే.

దాచొద్దన్నావు. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, చాలామందికి తర్వాత తగ్గుతుంది. మగవాళ్ళలో దాదాపు అందరికీ ఇక పిల్లలు పుట్టరు. కొద్దిమందికి కొన్నేళ్ళ తర్వాత రక్తం క్యాన్సరు వచ్చింది.

కొత్త కూటమిని ఏబీవీడీ అంటారు. ఇటలీలో మిలాన్ డాక్టర్లు తయారుచేశారు. చదివే ఉంటావు. గడ్డలు కరిగించడంలో పాతదానికి తీసిపోదు. కాని దాని వయసు తక్కువ, ధర ఎక్కువ, దొరకడం కష్టం. ఈ రెంటినీ చాలామంది మీద పక్కపక్కన పెట్టి తూచిన పని ఇంకా పూర్తవలేదు. కాబట్టి ఏది మేలని నువ్వు గట్టిగా అడిగితే, ఈరోజు ప్రపంచంలో ఎవరికీ తెలియదని గట్టిగా చెప్పగలను.

ఇంకో సంగతి. ఆ గడ్డని తడిమి కాయ అని మొట్టమొదట తీర్మానించిన పెద్ద డైవరు పేరు నీ ఉత్తరంలో కనపడలేదు.

అర్జునరావు


విశాఖపట్నం
3 జూలై 1982

డాక్టర్ గారికి,

మొట్టమొదట తడిమింది నేనే. నేను డాక్టరుని కాను. నువ్వు డాక్టరువై ఉండి సొంత అక్క గడ్డకి బలహీనత అని పేరు పెట్టావు. ఇద్దరి తూకం సరిపోయిందనుకుంటే పనిలోకి వద్దాం.

పాత కూటమి నాకు వద్దు. కారణాలు రాస్తున్నాను.

ఒకటి, వేళ్ళు. మన హార్బర్‌లో అడుగుకి పోయాక అరచెయ్యి ముక్కుకి ఆనించినా కనపడదు. బొగ్గు, ఇనుప ఖనిజం, ఊరి మురుగు, అన్నీ ఆ నీళ్ళలోనే. అక్కడ వేళ్ళే కళ్ళు. నేను ముప్పై ఏళ్ళు ప్రతి ఓడనీ వేళ్ళతోనే చూశాను. తిమ్మిరెక్కిన వేళ్ళ డైవరంటే గుడ్డి డైవరు. తగ్గుతుందంటావు. తగ్గకపోతే నువ్వు వచ్చి దిగుతావా?

ఇంకొకటి, పిల్లలు. కొత్త కూటమి ఆ విషయంలో నయమని మిలాన్ వాళ్ళు అంటున్నారట. కొద్దిమందినే చూశారు, ఒప్పుకుంటాను. కాని కొద్దిపాటి ఆశకి, పూర్తి నిరాశకి తేడా నాలాంటి మొరటువాడికి కూడా తెలుసు. ఆ రక్తం క్యాన్సరు సంగతి సరేసరి. ఒక గొయ్యి పూడ్చడానికి ఇంకో గొయ్యి తవ్వడం పోర్టు ఇంజనీర్ల పద్ధతి, డాక్టర్లకి ఎందుకు?

ఈ ఏడే మిలాన్ వాళ్ళు ఇంకో మాట రాశారు. నాలుగో దశవాళ్ళకి రెండు కూటములూ ఒక నెల అదీ ఒక నెల ఇదీ ఇస్తే, పాతదొక్కటే ఇచ్చినదానికన్నా మేలు జరిగిందట. అంటే కొత్తదానిలో పాతదానికి లేని సత్తా ఏదో ఉందనే కదా. నువ్వు పాతదాన్ని పట్టుకుని వేలాడుతున్నది బాగా తెలుసని. బాగా తెలిసిన దారిలోనే నా భార్య పోయింది.

నాకు ఏబీవీడీ కావాలి. డబ్బు సంగతి నేను చూసుకుంటాను.

గవర్రాజు


బొంబాయి
14 జూలై 1982

బావకి,

నీ ఉత్తరం మా జూనియర్లకి చదివి వినిపించాను. నీ పేరు చెప్పలేదు. ఎవరో పెద్ద ప్రొఫెసరు అనుకున్నారు. ఈ మాట విని పొంగిపోకు. రెండూ కలిపి ఇచ్చిన లెక్కని ఒక్కదానికి అంటగట్టావు. అది తప్పు. మిగతా కారణాల్లో బలం ఉంది.

ఏబీవీడీ ఇవ్వడానికి నేను ఒప్పుకుంటాను. ప్రాణం విషయంలో రెండూ నా దృష్టిలో సమానం.

అయితే వేళ్ళ గురించి అంత రాసిన నువ్వు ఊపిరితిత్తుల గురించి ఒక్క మాట రాయలేదు. ఇందులో రెండో మందు బ్లియోమైసిన్ ఊపిరితిత్తుల్ని దెబ్బతీయవచ్చు. అందరికీ కాదు. కాని ఆ మందు తీసుకున్న కొందరికి తర్వాత ఏదో ఆపరేషన్‌లో ఆక్సిజన్ ఎక్కువగా ఇస్తే, కొన్ని రోజుల్లోనే ఊపిరితిత్తులు గట్టిపడి ప్రాణం పోయింది. నీళ్ళ అడుగున ఒత్తిడి మీద పీల్చే గాలిలో కూడా ఆక్సిజన్ పాలు పెరుగుతుందని నీకు నేను చెప్పక్కర్లేదు. డైవరు మీద ఎవరూ పరీక్షించలేదు. ఆ పరీక్ష నా మేనల్లుడి మీద జరగనివ్వను.

తేటగా రాస్తున్నాను. ఏబీవీడీ తీసుకుంటే వరహాలు బతికినా, పూర్తిగా నయమైనా, జన్మలో మళ్ళీ నీళ్ళలోకి దిగకూడదు. పాత కూటమి తీసుకుంటే దిగవచ్చు, కాని తండ్రి కాకపోవచ్చు. రెంటిలో ఏది వదులుకోవాలో చెప్పవలసింది నేను కాదు, నువ్వూ కాదు. వాణ్ణి కూర్చోబెట్టి ఈ రెండు మాటలూ చెప్పు. చెప్పానని నువ్వు రాస్తేనే మందులు పంపుతాను.

అర్జునరావు


విశాఖపట్నం
22 జూలై 1982

అర్జునరావుకి,

చెప్పాను. ఒప్పుకున్నాడు. మందులు పంపు.

గవర్రాజు


విశాఖపట్నం
9 నవంబర్ 1982

అర్జునా,

నీ కూటమి, కాదు, నా కూటమి పనిచేస్తోంది. మెడలో గడ్డ ఎక్కడుందో ఇప్పుడు వెతుక్కోవాలి. రెండో నెలకే చెమటలు ఆగిపోయాయి. కిందటివారం కుర్ర డాక్టరు పొట్ట తడిమి, కాలేయం చేతికి అందడం లేదు తాతా అని నన్ను పట్టుకుని ఊపేశాడు. నన్ను తాతా అన్నందుకు ఇంకో రోజైతే ఊరుకోను.

నువ్వు ఐస్‌లో పెట్టి పంపే ఆ నాలుగో మందు రైలు దిగేసరికి ఐస్ కరిగిపోతోంది. ఫిషింగ్ హార్బర్‌లో రొయ్యల పెట్టె ఒకటి అడిగి తెచ్చి స్టేషన్‌కి నేనే పోతున్నాను. వెలుతురు తగలకూడదన్నావని సీసాకి నల్లగుడ్డ కట్టిస్తున్నాను. నర్సు నన్ను చూస్తే చిరాకుపడుతుంది. పడనీ. సూది వేసిన రోజు వాంతులు మాత్రం ఘోరంగా ఉంటున్నాయి. ఎర్రమందు వేసిన సాయంత్రం మూత్రం ఎర్రగా వస్తే గౌరీశ్వరి ఏడ్చింది, వాడు నవ్వాడు. జుట్టు పూర్తిగా ఊడింది. హెల్మెట్ ఇప్పుడు సులువుగా దిగుతుందని వాడి హాస్యం.

టీబీ మాత్రల మహానుభావుడి దగ్గరికి వాణ్ణి తీసుకుపోయి, రోగులందరి ఎదుట నిలబెట్టి చూపించి వచ్చాను. ఆయన టీ ఇప్పిస్తానన్నాడు. వద్దన్నాను.

నువ్వు రెండు ఉత్తరాల్లో ఆ నీళ్ళ సంగతి వాడెలా తీసుకున్నాడని అడిగావు. బాగానే ఉన్నాడు. దాని గురించి మళ్ళీ మళ్ళీ అడగకు.

గవర్రాజు


విశాఖపట్నం
2 మార్చి 1983

సినమావయ్య గారికి గౌరీశ్వరి నమస్కారాలు.

నాను పదో క్లాసు వరకే సదివాను, తప్పులుంటే ఏటీ అనుకోవద్దు. మా మావకి తెలీకుండా రాత్తన్నాను.

ఆయన సూదులన్నీ కిందటి నెలతో అయిపోయాయి. ఫొటోలు తీసి ఏటీ లేదన్నారు. మీకు మా ఇంటిల్లిపాదీ రుణపడ్డాం. సింవ్వాచలం ఎల్లి తలనీలాలు ఇద్దారంటే, జుట్టే లేదు గదా ఏటిస్తావ్ అని ఆయనే నవ్వీసేడు.

ఇప్పుడు సంగతేటంటే, పదో తారీకుని ఈయన మళ్ళీ నీళ్ళలోకి దిగతన్నాడు. ఒక ఓడ మర్రకి తాడు సుట్టుకుపోయిందంట, పోర్టోల్లు కబురెట్టేరు. ఇంట్లో హెల్మెట్ తోముకుంటా ఈలేత్తన్నాడు. ఇన్నాళ్ళలో ఆ ఈల ఇనలేదు. కానీ మా మావ అన్నం తినడం మానీసేడు. కొడుకు లేచినాడని ఊరంతా సెప్పుకున్న మనిషి, ఆ హెల్మెట్ ఏపు తిరిగి సూడ్డం లేదు. ఏటి మావా అంటే, ఏటీ లేదు పో అంటన్నాడు. మొన్న హెల్మెట్ బిగించే రెంచి దాసీసేడు. ఈయన ఎతికి తీసుకున్నాడు.

మీరు దిగొచ్చని సెప్పేరా? సెప్పీసుంటే నాకు బెంగ లేదు. ఇద్దరు పెద్దోళ్ళు మా గురించి అన్ని ఉత్తరాలు రాసుకున్నారు గదా, అందులో ఏటుందో మాకెవరూ సెప్పలేదు. ఏటైనా ఉంటే యేగిరం రాయండి.

గౌరీశ్వరి


టెలిగ్రాం
బొంబాయి, 7 మార్చి 1983

వరహాలుని దించవద్దు. నువ్వే చెప్పు. నేను చెప్పను. అర్జున్.


విశాఖపట్నం
11 మార్చి 1983

అర్జునా,

నీ టెలిగ్రాం వచ్చాక కూడా మూడు రోజులు ఊరుకున్నాను. తిట్టదలుచుకుంటే ఇక్కడ ఆగి తిట్టుకో. తర్వాత చదువు.

జూలైలో నేను చెప్పలేదు. అబద్ధం రాశాను. చెప్తే వాడు పాత కూటమి కోరుకుంటాడనుకున్నాను. నీళ్ళంటే వాడికంత పిచ్చి. వంశం అక్కడితో ఆగిపోతుందని, ఆ రక్తం క్యాన్సరు వస్తుందని నేనే భయపడి నేనే తేల్చేశాను. సూదులవుతున్నంతకాలం సాకు దొరికింది. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. నీళ్ళలో ఉన్నవాడికి పైనుంచి చెడు కబురు పంపకూడదు. ఇల్లు కాలిపోయినా సరే, వాడు పైకొచ్చి, హెల్మెట్ తీసి, కూర్చున్నాకే చెప్పాలి. లోపల ధ్యాస తప్పితే గాలిగొట్టం చిక్కుపడి పోతాడు. మందుల్లో ఉన్నవాడు కూడా నీళ్ళలో ఉన్నవాడేనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మందులయ్యాక సాకు అయిపోయింది, నోరు మాత్రం రాలేదు.

నిన్న పొద్దున జెట్టీ మీద వాడికి డ్రెస్సు తొడిగారు. బూట్లు కట్టారు. భుజాల పట్టీ బిగించారు. హెల్మెట్ ఎత్తారు. అప్పుడు అడ్డం పోయి, ఆగండిరా అన్నాను. సూరన్న అని వాడి తోటి డైవరు, హెల్మెట్ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అక్కడే, అందరి ఎదుటే చెప్పాను. రెండు కూటములు, పిల్లలు, ఊపిరితిత్తులు, నీ షరతు, నా అబద్ధం, మొత్తం.

వాడు అరవలేదు. ఓడకేసి తిరిగాడు.

"నన్నడిగితే ఇదే కావాలందును నాన్నా," అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. అలాగైతే ఇంకేమిటిరా అన్నాను.

"అప్పుడు నీళ్ళు నాను ఒదులుకున్నట్టుండును. ఇప్పుడు నువ్వు లాగేసుకున్నట్టుంది."

బూట్లు తనే విప్పుకున్నాడు. వంగి సాయం చెయ్యబోతే కాలు పక్కకి తీశాడు. సూరన్న దిగి తాడు కోసి వచ్చాడు. వరహాలు ఇంటికి వచ్చాడు గాని నాతో మాట్లాడలేదు.

ఇన్నాళ్ళూ నిన్ను అడగవలసింది ఒకటి ఉందని తిరిగాను. ఇప్పుడు అడిగే మొహం లేదు.

గవర్రాజు


బొంబాయి
19 మార్చి 1983

బావా,

ఆగమన్నచోట ఆగాను. తిట్టు రాలేదు. ఆ అబద్ధానికి నేనూ కొంత బాధ్యుణ్ణి. ఒక్క ముక్కలో ఉన్న ఆ ఉత్తరం చూడగానే అనుమానం వచ్చింది. నువ్వు దేన్నైనా ఒక్క ముక్కలో రాసే మనిషివి కావు.

నువ్వు అడగకపోయినా చెప్తాను. ఆ కట్టుబాటు నాకు కొత్త కాదు. 1958లో నువ్వు రేవు మొగలో మునిగిన బార్జీ మీద పనిచేస్తున్నావు, గుర్తుందా? రోజూ దిగేవాడివి. అక్కకి జబ్బు పేరు చెప్పాను. చదువుకోనిదని నేను తక్కువ అంచనా వేశాను, గాని వెంటనే అర్థం చేసుకుంది. మీ బావ నీళ్ళలో ఉన్నాడు, పైకొచ్చేదాకా చెప్పకూడదు అంది. ఈ పద్ధతి పెళ్ళైన కొత్తలో నువ్వే నేర్పావట. టానిక్ సీసా కొనుక్కురమ్మన్నది ఆవిడే. బార్జీ పని ఇంకో నాలుగు నెలల్లో అయిపోతుంది, అప్పుడు తనే చెప్తానంది. ఆ నాలుగో నెల ఆవిడకి లేకపోయింది.

తర్వాత నీకు చెప్దామనుకున్నాను. నువ్వు నా మొహం చూడనన్నావు. పోనీలే, భార్య మీద కోపం కన్నా బావమరిది మీద కోపం మోయడం సులువు కదా అని ఊరుకున్నాను. ఇరవై నాలుగేళ్ళు బాగానే మోశావు.

పోయేముందు అక్క నీకు చెప్పమని ఒక మాట చెప్పింది. అది నా దగ్గరే ఉంది. ఎప్పుడు అడిగితే అప్పుడు రాస్తాను. అడగకుండా మాత్రం రాయను. అది కూడా ఆవిడ మాటే.

వరహాలు ఎక్స్‌రే ప్రతి మూడు నెలలకీ పంపుతూ ఉండు.

అర్జున్


విశాఖపట్నం
20 సెప్టెంబర్ 1983

అర్జునా,

ఆరు నెలలు జవాబు రాయలేదు. నీ ఉత్తరం మింగడానికి అంతకాలం పట్టింది. ఈ వయసులో పాత కోపం పోతే పన్ను ఊడినట్టే ఉంటుంది. నాలుక ఆ సందులోకే పోతుంది.

ఎక్స్‌రే పార్సిల్‌లో ఉంది. శుభ్రంగా ఉంది. నేనే వెలుతురుకి పెట్టి చూశాను. నీకంటే ముందే తీర్పు చెప్తున్నాను, సరిచూసుకో. గౌరీశ్వరి నీళ్ళోసుకుందా అని మొన్నటి కార్డులో అడిగావు. ఇంకా ఏమీ లేదు. ఉంటే అదే నీకు రాస్తుంది, నా దగ్గర వార్తలు నిలవుండిపోతాయని దానికి తెలిసింది.

వరహాలుని పోర్టువాళ్ళు జెట్టీ మీద తాడు పట్టుకునే పనిలో పెట్టారు. లోపలివాడి ప్రాణం ఆ తాడు పట్టుకున్నవాడి చేతిలో ఉంటుంది. మొదట మొహం గంటు పెట్టుకుని పట్టుకున్నాడు. ఇప్పుడు వేళ్ళతో వింటున్నాడు. ఆ వేళ్ళు బాగున్నాయి, ఏ తిమ్మిరీ లేదు. ఆ ఒక్క విషయంలో నా వాదం నెగ్గిందని ఒప్పుకో.

నిన్న నేను ఎప్పటిలాగే బల్ల మీద కూర్చుని ఉన్నాను. సూరన్న లోపల ఉన్నాడు. భీమిలి నుంచి వాళ్ళ చుట్టం ఒకాయన సైకిలు మీద వచ్చాడు. సూరన్న తల్లి పొద్దున పోయిందట. జట్టులో వాళ్ళందరూ నాకేసి చూశారు. కట్టుబాటు ప్రకారం ఎవరూ నోరెత్తకూడదు. ఇంకో రెండు గంటల పని ఉంది. నేను తల అడ్డంగా ఆడించాను.

వరహాలు నాకేసి చూడలేదు. తాడు నాలుగుసార్లు లాగాడు. పైకి రమ్మని. సూరన్న నిచ్చెన పట్టుకోగానే హెల్మెట్ తీయించి, బల్ల మీద కూర్చోబెట్టి, ఎదురుగా గొంతుకూర్చుని చెప్పాడు. సూరన్న ఏడ్చి, లేచి, ఆ సైకిలు మీదే పోయాడు. దహనానికి అందాడట.

పని ఆగినందుకు ఇంజనీరు కేకలేశాడు. వరహాలు తాడు చుట్టుకుంటూ విన్నాడు. తర్వాత నా దగ్గరకొచ్చాడు. మార్చి తర్వాత వాడంతట వాడు నాతో అన్న మొదటి మాట ఇది.

"లోపలుండగా సెప్పకూడదన్నావ్, సరే. పైకి లాగకూడదని ఎవడన్నాడు?"

ముప్పై ఏళ్ళు దిగాను, ఎందరికో ఆ కట్టుబాటు నేర్పాను. మీ అక్కకి కూడా సగమే నేర్పానని నిన్న తెలిసింది. నన్ను పైకి లాగవచ్చని ఆమెకి చెప్పలేదు.

సాయంత్రం ఇద్దరం కలిసి ఇంటికి నడిచొచ్చాం. వాడు ఈలేశాడు.

అర్జునా, రామలక్ష్మి చెప్పమన్న మాట అడుగుతున్నాను. పైకొచ్చేశాను. హెల్మెట్ తీశాను. కూర్చునే ఉన్నాను.

ఇక చెప్పు.

నీ బావ
గవర్రాజు